హ అక్షరంతో మొదలయ్యే పాటలు

మొన్న బోధన్ నుంచి నిజామాబాద్‌కు షేర్ ఆటోలో వస్తుంటే పక్కన కూర్చున్న కాలేజీ పిల్ల ఫోనులో ఒక పాట మోగింది. మా ముందు చెరకు ట్రాక్టరు పోతోంది. ఎండుటాకు వాసన, తీపి వాసన కలిసి ముఖానికి కొడుతున్నాయి. ఆ పాట భాష ఆటోలో ఎవరికీ తెలియదు, నాకూ తెలియదు. కానీ ఆ గొంతు సాగే తీరు తెలుసు. "జపానోళ్ల పాట గదా బిడ్డా?" అన్నాను. ఆ పిల్ల నన్ను పైనుంచి కిందిదాకా చూసి, "నీకెట్ల తెలుసవ్వా?" అంది. "హ తోని షురువయ్యేటియి పదకొండు విన్న," అన్నాను. ఆటో అంతా నవ్వింది. నవ్వనీ. నాకు రాహేలమ్మ టీచర్ గుర్తొచ్చింది.

రాహేలమ్మ బోధన్‌లో బడి పంతులమ్మగా చేసి రిటైరైంది. షుగరు జబ్బుతో చూపు పోయి, వెలుతురూ నీడా తప్ప ఏమీ కనిపించని కాలంలో నేను ఆమె ఇంట్లో వంటకు కుదిరాను. అప్పటికి నాకు నలభై దాటాయి. ఇరవై ఏళ్లు చెరకు కొట్టిన చేతులు నావి. ఆమె భర్త కువైట్‌లో ఒక జపాను కంపెనీలో ఫిట్టరుగా పనిచేస్తూ అక్కడే పోయాడు. తోటి జపాను పనివాళ్ల దగ్గర పాటలు ఎక్కించుకుని, సెలవుకు వచ్చినప్పుడల్లా క్యాసెట్లు తెచ్చేవాడట. ఒక్కోదాని మీద అందులోని పాట పేరు తెలుగులో రాసేవాడు. మొదటి అక్షరం ఎర్ర బాల్‌పెన్నుతో నాలుగుసార్లు దిద్ది పెద్దగా, మిగతాది ఇంకు పెన్నుతో. చర్చి పాటల పుస్తకం చివర పాటలన్నీ మొదటి అక్షరం ప్రకారం వరుసగా ఉంటాయి కదా, ఆయన కూడా గూట్లో క్యాసెట్లను అలాగే పేర్చాడు. చూపు పోయాక టీచరమ్మ ఆ వరుసను చేత్తో లెక్కబెట్టి తనకు కావలసింది తీసుకునేది.

క్రిస్మస్‌కు ముందు ఇంట్లో సామానంతా బయటపెట్టి కడగడం మా దగ్గర అలవాటు. ఆ ఏడు నేను క్యాసెట్లను కూడా వదల్లేదు. గిన్నె మీద మసి ఎలాగో, నాకు ఆ రాతలూ అలాగే. సబ్బునీళ్ల గుడ్డతో తుడిస్తే నీలం రంగు గుడ్డలోకి దిగింది. ఎర్రటివి మాత్రం పోలేదు. ఇంకా గట్టిగా రుద్దాను. అయినా పోకపోతే విసుగొచ్చి, చేతికొచ్చినట్టు గూట్లో సర్దేశాను.

ఆ మధ్యాహ్నం టీచరమ్మ లెక్కబెట్టి ఒకటి తీసి పెట్టింది. ఆమె కోరింది కాదు. ఇంకొకటి పెట్టింది, అదీ కాదు.

"సాయమ్మా, గూట్లె ఎవలు చెయ్యి పెట్టిండ్రు?"

"నేనే తుడిసిన టీచరమ్మా. పండుగ గదా."

"దేంతోని?"

"సబ్బునీళ్లతోని."

ఆమె క్యాసెట్టును ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. ఆమె వెతుకుతున్న పాట పేరు హతాకె. ఆ పాట అయిపోయాక ఆమె భర్త మాటలు నాలుగు ఉన్నాయి. ఆయన గొంతు ఇంకెక్కడా లేదు. ఆ సంగతి అప్పుడే నాకు చెప్పింది.

"ఏమన్న మిగిలిందా?"

"ఎర్రటియి ఉన్నయి."

"అయితే హ ఉన్నయన్ని పక్కకు తియ్యి."

"నాకు సదువు రాదు టీచరమ్మా."

"ఎరుకే."

"ఎట్లెరుక? చర్చిల పుస్తకం పట్టుకోని పాడుత గదా."

"తలకిందులు పట్టుకోని పాడుతవు. నాకు కండ్లున్నప్పుడు నీ పక్కపొంటే నిలబడ్డ. ఎన్నేండ్లు పాడుతవో సూద్దామని ఊకున్న."

తిడుతుందనుకున్నాను. ఆమె నా అరచేయి లాక్కుని దాని మీద వేలితో గీసింది. "అఆలు తర్వాత. గియ్యాల నాకు కావల్సింది హ." మూడుసార్లు గీసి, నాచేత తన అరచేతిలో గీయించుకుంది. "గంత మెల్లగ గాదు. చెరుకు కొట్టినదానివి, గీత గియ్యనీకి భయమా?" నా బతుకులో మొదటి అక్షరం అది. ఎవరైనా అ తో మొదలుపెడతారు, నేను హ తో మొదలుపెట్టాను.

హ ఉన్నవి పదకొండు తేలాయి. రోజుకు ఒకటే వినేది. మధ్యలో ఆపి ముందుకు తిప్పబోతే నా చేతి మీద కొట్టింది. "ఉరికియ్యకు. పాడినోళ్లకు గంత మర్యాదియ్యాలె." నాకేమో ఒకటే ఆలోచన. టేపు మీద ఆ నాలుగు మాటలు ఉన్నాయో, నా సబ్బునీళ్లకు అవి కూడా పోయాయో. ఆ రోజుల్లో బయటికి పోతే హ నన్ను వెంబడించేది. ఎన్నో ఏళ్లుగా "గిది ఏ ఊరికి పోతది?" అని అడిగి ఎక్కిన బస్సు బోర్డు మీద, హైదరాబాద్ అన్నచోట, మొదట ఉన్నది అదే.

తొమ్మిదో రోజు పాట అయిపోయింది. కాసేపు గరగర. తర్వాత మగగొంతు: "రాహేలూ, గీ పాట మంచిగుందా? నేను పొద్దుగాల్ల గిదే ఇంట. బియ్యానికి పుర్గు వడుతదేమో, ఎండకు పెట్టు." అంతే.

"పెట్టిన, పెట్టిన," అంది టీచరమ్మ, పక్క గదిలో మనిషికి చెప్పినట్టు. ఆమె ఏడవలేదు. నేనే ఏడ్చాను. టేపు ఆగాక ఆమె, "పెన్ను తే. పేరు రాయి," అంది.

"నాకు హ ఒక్కటే వచ్చు."

"ఇంక రెండే గదా. తుడిసిన చెయ్యే రాయాలె."

రాశాను. తర్వాత ఒక్కొక్కటి విని, పేరు గుర్తుపట్టి చెబుతూ గూడంతా రాయించింది, ఏడాది పట్టింది. గూడు నిండేసరికి నాకు చదువు వచ్చింది. పోయే ముందు ఆ ఒక్క క్యాసెట్టు నా చేతిలో పెట్టింది.

ఆటో దిగబోతూ ఆ పిల్లను అడిగాను, "హతాకె అంటే ఏందో సూడు బిడ్డా." ఇన్నేళ్లలో టీచరమ్మా నేనూ ఎవరినీ అడగలేదు. ఫోనులో వెతికి, "చేనట అవ్వా," అంది. ఇరవై ఏళ్లు చేన్లలో వంగి ఉన్నదాన్ని నేను. మొదట రాసిన మాట అదేనని తెలియడానికి ఇంతకాలం పట్టింది.

ఇంటికొచ్చి క్యాసెట్టు తీశాను. వినడానికి టేప్‌రికార్డరు లేదు. పైన దుమ్ము పట్టి ఉంది. నోటితో ఊదాను. మీద ఏముందో చదవకుండా ఏ వస్తువు మీదా నేనిప్పుడు తడిగుడ్డ పెట్టను. ఈ క్యాసెట్టు మీదైతే చదివాక కూడా పెట్టలేదు.