ఢిల్లీకి పంపిన పెరుగన్నం

"రెండుంబావు గంటల ఫ్లైట్ అమ్మా! గంతట్లనే పెరుగు పులుస్తదా? నీ లెక్కన పాలు పోస్తే వాళ్లు పాలన్నమే తినాలె," అన్నాడు సూపర్‌వైజర్ శ్రీకాంత్, ఫోన్ నా ముక్కు దగ్గర పెట్టి.

"ఫ్లైట్ ముచ్చట నాకెందుకు బిడ్డా? ఈడ మూసిన డబ్బా ఢిల్లీల ఎప్పుడు తెరుస్తరో గది చెప్పు."

"మూడో తరగతి సదివి నాకే లెక్కలు చెప్తవా? వాళ్ల నుంచి మాటొస్తే రేపటి సంది గరిటె నాది. నువ్వు ఉల్లిగడ్డలు కోసుడే."

"సరే, కోస్త. ముందైతే పొయ్యి కాడి నుంచి పక్కకు జరుగు."

అది నేను రిటైరవడానికి రెండేళ్ల ముందు, మే నెల. సైదాబాద్‌లో ఒక క్యాటరింగ్ వంటశాలకు నేను పెద్ద వంటమనిషిని. వంటలో చివరి మాట నాది. ఆర్డర్లు, రవాణా శ్రీకాంత్‌వి. యాకుత్‌పురా నుంచి నలభై మంది పెళ్లివారు ఢిల్లీ వెళ్తూ మధ్యాహ్నానికి పెరుగన్నం అడిగారు.

శ్రీకాంత్ చెప్పింది అబద్ధమేమీ కాదు. రెండు ఎయిర్‌పోర్టుల మధ్య సుమారు పన్నెండు వందల యాభై కిలోమీటర్లు, విమానం రెండుంబావు గంటల్లో దిగుతుంది. కానీ పెరుగన్నం చేతిసంచిలో పోనిస్తారో లేదో అని వాళ్లు డబ్బాలను సామానులోనే వేస్తున్నారు. పొద్దున ఆరింటికి మూత పెడితే, శంషాబాద్ చేరి, సామాను అప్పగించి, పదింటి విమానమెక్కి, దిగి, బెల్టు మీద డబ్బాలు వచ్చేదాకా నిలబడి, బస్సులో విడిదికి చేరేసరికి రెండు దాటుతుంది. ఎనిమిది గంటలు!

ప్రయాణానికైతే అన్నం మెత్తగా వండి, గోరువెచ్చగా ఉండగా కాచిన పాలు పోసి, తోడుకు కొంచెం పెరుగు కలుపుతాం. అది దారిలో తోడుకుని తినే వేళకు తియ్యగా ఉంటుంది. తొందరపడి తెరిస్తే మాత్రం పాలన్నమే. అందుకే పెళ్లికూతురి మేనత్తకు ఫోన్ చేసి, ఎప్పుడు తింటారని అడిగాను.

"విడిదిల స్నానాలైనంకనే అక్కా," అంది.

తిండి వృథా చేయడం నాకు పడదు. అయినా ఆ రోజు నాలుగు డబ్బాల్లో ఒకటి శ్రీకాంత్‌కు వదిలేశాను. అతను పాలు ముట్టకుండా మొత్తం పెరుగే కలిపాడు. ఆ డబ్బా మూతకు గుర్తుగా పసుపు రాసి పంపాను.

మూడింటికి మేనత్త ఫోన్ చేస్తే స్పీకర్ పెట్టించాను.

"అక్కా, పసుపు డబ్బా తెరిస్తే పులిసిన వాసన గుప్పుమన్నది, నోట్ల పెట్టలేదు ఎవ్వరూ. మిగిలిన మూడూ మస్తున్నయి. అడుగు గీకుడు కాడ మా మరుదులిద్దరు లొల్లి పెట్టుకున్నరు!"

శ్రీకాంత్‌తో సహా వంటశాలంతా విన్నది. నాకూ నవ్వొచ్చింది గాని ఆపుకున్నాను. మొహం మీద నవ్వితే మనిషి పని నేర్చుకోడు. ప్రయాణపు వంటకు కాలం మూత పెట్టినప్పుడు మొదలై, మూత తీసినప్పుడు ముగుస్తుంది. విమానం అందులో ఒక ముక్క. ఆ సంగతి అతనికి నేను మళ్లీ చెప్పలేదు.

మర్నాడు పొద్దున బెంగళూరు వెళ్లేవాళ్ల ఆర్డర్ వచ్చింది. శ్రీకాంత్ ఫోన్‌లో, "మేడం, తినేది ఎన్నింటికి?" అని అడిగి రాసుకున్నాడు. తర్వాత వచ్చి పాలు పొయ్యి మీద పెట్టాడు.