గేదె వాటా

మద్రాసు పేరు చెన్నైగా మారిన కొత్తల్లో, వాషర్‌మెన్‌పేట్‌లో పప్పుల హోల్‌సేల్ కొట్టు నడిపే రంగనాథంగారి కొడుకు కోదండరాంని చూసి అందరూ జాలిపడేవారు. కొట్టు నిండా కందిపప్పు, మినుములు, శనగలు బస్తాలు బస్తాలుగా ఉండేవి. వాటి మధ్య తిరిగే ఈ మనిషి మాత్రం చీపురుపుల్లలా ఉండేవాడు. అతనికున్న పిచ్చి ఒక్కటే, సైకిలు. ఆదివారం తెల్లవారకముందే గేర్ల సైకిలెక్కి చెంగల్పట్టు దాకా పోయి, మధ్యాహ్నం భోజనం వేళకి ఇల్లు చేరేవాడు. చెమటలు కారుతూ, చెవుల దాకా నవ్వుతూ వచ్చే ఆ మొహం చూస్తే భార్య కోకిలకి కోపం కూడా వచ్చేది కాదు.

చిక్కంతా తిండివనంతోనే. అతని సైకిల్ క్లబ్బువాళ్ళు ఏటా ఒకసారి బీచ్‌లో లైట్‌హౌస్ దగ్గర బయలుదేరి, తిండివనం వెళ్ళి, చీకటిపడేలోగా మళ్ళీ అక్కడికే వచ్చేవారు. రెండొందల యాభై కిలోమీటర్ల మాట. కోదండరాం రెండేళ్ళు వరసగా బయలుదేరాడు. రెండేళ్ళూ తిరుగుదారిలో మధురాంతకం దగ్గర చతికిలబడ్డాడు. ఆ ఊళ్ళో ఉన్నది కోదండరాముడి గుడే. తన పేరున్న దేవుడి ఎదుటే తన కాళ్ళు మొరాయించడం అతనికి మహా నామోషీగా ఉండేది. రెండుసార్లూ అతన్నీ సైకిల్నీ కలిపి వెనకాల వచ్చే వ్యాన్‌లో వేసుకొచ్చారు.

క్లబ్బు కెప్టెన్ ఆరోగ్యసామి మంచివాడే, నోరు కాస్త పెద్దది. రెండోసారి వ్యాన్‌లోంచి దించుతూ అందరి ముందూ అనేశాడు.

"తంబీ, కండకి ప్రోటీన్ కావాలప్పా. గుడ్లు తిను. రసం అన్నం తిని తిండివనం పోయేది అయ్యే పనేనా?"

గుడ్డు మాట కోదండరాం ఇంట్లో ఎత్తడానికే లేదు. అతనికీ తినాలని లేదు.

"మా అంగట్లో లేని బలమా సార్? చూస్తా ఉండండి," అని రోషంగా ఇంటికొచ్చేశాడు.

ఆ రోషంలో అతను పట్టుకున్నది ఉలవచారు. వాళ్ళ పెద్దవాళ్ళు ఎప్పుడో నెల్లూరు వైపు నుంచి వస్తూ వెంట తెచ్చుకున్న వంట. ఉలవలు నానబోసి, కుండలో మెత్తగా ఉడకబెట్టి, ఆ నీళ్ళు వంచి చిక్కబడేదాకా కాస్తారు. గుర్రాలకి పెట్టే గింజ కాబట్టి దాని బలమంతా నీళ్ళలోకి దిగుతుందని ఇంటిల్లిపాదికీ గట్టి నమ్మకం. కోదండరాం పూటకో చెంబుడు తాగాడు. కోకిల విసుక్కోకుండా కాచిపోసింది. నెలలు గడిచినా అతని ఒంట్లో పిసరంత మార్పు లేదు సరికదా, బెల్టుకి కొత్త చిల్లు పొడవాల్సొచ్చింది.

తిండివనం ప్రయాణం ఇంకా కొన్ని వారాలు ఉందనగా, పాలు పోసే పొన్నమ్మ ఒక పొద్దున వెన్నముద్ద పట్టుకొచ్చి కోకిల చేతిలో పెట్టింది.

"ఇది మీకే తల్లీ. మా ఎనుముకి మీరేసే ఉలవల పున్నెం. పాలు ఎట్ట ఇస్తా ఉందో చూడు మా! నిన్న మా ఇంటాయన్ని ఒక్క తోపు తోసింది, గోడకి అతుక్కుపోయినాడు!"

కోకిల వీధిలోకి చూసింది. గేదె నూనె రాసినట్టు నిగనిగలాడుతోంది. మెడ దిట్టంగా ఉంది. తర్వాత అరుగు మీద కూర్చుని సైకిల్ చెయిన్ తుడుచుకుంటున్న మొగుణ్ణి చూసింది. ఎముకలు లెక్కపెట్టొచ్చు. పక్కన ఖాళీ చేసిన చారు చెంబు. ఆ ఇంట్లో తరతరాల ఆచారం ఒకటుంది. చారు వంచుకున్నాక కుండలో మిగిలిన ఉలవలు పశువు వాటా. అందులో మనుషులు వేలు పెట్టరు. ఇన్ని నెలలుగా ఆ కుండ అడుగంతా పొన్నమ్మ గేదెకే పోతోంది.

కోకిల నవ్వు ఆపుకోలేక గుమ్మంలోనే కూలబడింది.

"ఏమండీ, ఇన్నాళ్ళూ తిండివనానికి తయారైంది మీరు కాదు, పొన్నమ్మ ఎనుము!"

"అయితే నీళ్ళలోకి దిగిందేంది?" అన్నాడతను బిక్కమొహం వేసి.

"రుచి."

మర్నాటి నుంచి ఉలవలు తనకీ పెట్టమన్నాడు కోదండరాం. రంగనాథం ఇంతెత్తున లేచాడు.

"నోరు లేని దాని కూడు లాక్కుంటారా? రంగనాథం కొడుకు దాణా తింటా ఉండాడని పేటంతా నవ్వదా?"

"సగమే మామా. పొన్నమ్మని అడిగినా, సరేనంది," అంది కోకిల.

"సరి, కానీండి. ఈ తూరి కూడా వ్యాన్‌లో వచ్చినాడంటే ఆ సైకిలు గోడౌన్లో అటకెక్కిస్తా. మళ్ళా దించేది లేదు."

ఆయన అన్నంత పనీ చేసే మనిషి. సైకిలు లేని ఆదివారం తలచుకుంటేనే కోదండరాంకి ఏడుపొచ్చింది.

ఆ రోజు నుంచి ఉలవ గుగ్గిళ్ళు ఆవాలు, ఎండుమిరపకాయలు, కొబ్బరి వేసిన తాలింపుతో అతని కంచంలోకి వచ్చాయి. వాటి వెనకే శనగలు, పెసలు, వేరుశనగలు, గడ్డపెరుగు. కొట్లో బస్తాలు కొట్లోనే ఉంటాయనుకున్నవాడికి అవి తిండి గింజలని ఇన్నాళ్ళకి గుర్తొచ్చింది. పచ్చి ఉలవల వాసన పోయేలా కోకిల ఏం మాయ చేసేదో గానీ అతను కంచం ఖాళీ చేసి లేచేవాడు. వారాలు గడిచేకొద్దీ మెట్లెక్కేటప్పుడు గోడ పట్టుకోవడం మానేశాడు.

తిండివనం రోజు రానే వచ్చింది. తిరుగుదారిలో మధురాంతకం చేరేసరికి ఎండ మండిపోతోంది. కోదండరాం సైకిలు దిగడం చూసి, వ్యాన్ డ్రైవరు అలవాటు కొద్దీ వెనక తలుపు తీశాడు. కోదండరాం గోపురానికి దణ్ణం పెట్టుకుని, చెట్టు కింద కూర్చుని, డబ్బా తీసి తీరిగ్గా గుగ్గిళ్ళు నమిలాడు. మజ్జిగ తాగాడు. లేచి సైకిలెక్కాడు. కాళ్ళు చెప్పినట్టు విన్నాయి! చెంగల్పట్టు వచ్చింది, పోయింది. తాంబరం దాటాక ఆనందం పట్టలేక బస్సుల మధ్యే పాట అందుకున్నాడు.

లైట్‌హౌస్ దగ్గర కోకిల పక్కన తండ్రిని చూసి ఆశ్చర్యపోయాడు. రంగనాథం చేతిలో తాడు, వెనకాల అద్దెకు మాట్లాడిన మూడుచక్రాల బండి. కొడుకు ఎలాగూ వ్యాన్‌లోనే దిగుతాడు, సైకిల్ని అట్నుంచి అటే గోడౌన్‌కి తోలుకుపోదామని వచ్చాడాయన. కొడుకు తొక్కుకుంటూ వచ్చి ఎదురుగా ఆగేసరికి తాడు వీపు వెనక దాచుకున్నాడు.

"ఏం తిన్నావు తంబీ?" అంటూ ఆరోగ్యసామి పరిగెత్తుకొచ్చి కావలించుకున్నాడు.

"మా పొన్నమ్మ ఎనుము తినేదే సార్!"

అందరూ ఘొల్లుమన్నారు. రంగనాథం మాత్రం నవ్వలేదు. కొడుకు సైకిలుకి తగిలించి ఉన్న డబ్బా తీసుకుని, అడుగున మిగిలిన గుగ్గిళ్ళు నోట్లో వేసుకుని చాలాసేపు నమిలాడు.

"కోకిలా, రేపట్నుంచి రెండు కుండలు పెట్టు. మనం తీసుకున్న సగం ఎనుముకే ఇచ్చెయ్, దాని వాటా మనకొద్దు. వీడి కుండ వేరే."

కోదండరాంకి కళ్ళనీళ్ళు తిరిగాయి. రంగనాథం తాడు బండిలోకి విసిరేసి, బండివాణ్ణి వెళ్ళిపొమ్మన్నాడు.

"వీడి కుండలో," అన్నాడు సముద్రం వైపు చూస్తూ, "నాక్కూడా ఒక గుప్పెడు పొయ్యి."