గార్నెట్ అంచు

కరోనా ఆంక్షలు పూర్తిగా ఎత్తేసిన మరుసటి ఏడాది. విజయనగరం జిల్లాలో ఒక కాలేజీలో భూగర్భశాస్త్రం పాఠాలు చెప్పుకుంటూ, పరిశోధన అంటూ ఎవరైనా వస్తే వాళ్లకి గైడుగా ఉండేదాన్ని. గౌరి అప్పుడు నా దగ్గర పీహెచ్‌డీ చేస్తోంది. రాజాం దగ్గర వరి పండించుకునే ఇల్లు. ఫెలోషిప్ ఆ వేసవితో ఆగిపోతుంది. ఈలోగా చెప్పుకోదగ్గ ఫలితం ఒక్కటైనా చూపించకపోతే చదువు మానేసి ఏదో ఒక ఉద్యోగం చూసుకోమన్నారు ఇంట్లో. వాళ్లని తప్పు పట్టలేను, అప్పటికే చాలా ఓపిక పట్టారు.

మా వైపు కొండలు చాలావరకు ఖొండలైట్. ఒకప్పటి బురద, భూమి లోతుల్లోకి దిగి, విపరీతమైన వేడికి మారిపోయిన రాయి. అందులో ఎర్రగా మెరిసే గింజలే గార్నెట్లు. గార్నెట్ పొరమీద పొరగా పెరుగుతుంది. మామూలుగా నడుమ మాంగనీసు ఎక్కువ, బయటికి పోయేకొద్దీ తక్కువ. ఆ తేడా మిగిలి ఉంటే, రాయి ఎలా వేడెక్కిందో అందులో చదవొచ్చు. కానీ వేడి చాలాకాలం నిలిస్తే, రాయి గట్టిగా ఉండగానే లోపలి అణువులు మెల్లగా చోటు మారి తేడాలన్నీ చెరిపేస్తాయి. దీన్నే డిఫ్యూజన్ అంటాం. చిన్న గింజలో త్వరగా చెరిగిపోతుంది, పెద్ద గింజ నడుమ ఎంతో కొంత మిగలొచ్చు. ఆ 'మిగలొచ్చు' అనే మాట మీదే గౌరి చదువంతా ఆధారపడింది.

ఎలక్ట్రాన్ ప్రోబ్ అనే యంత్రం ఉంది. సూదిమొన కన్నా సన్నని చోట ఏ మూలకం ఎంతుందో చెబుతుంది. అది మాకెక్కడిది? దూరాన ఒక సంస్థలో నెలలు కాచుకుంటే ఒక పూట ఇస్తారు. మొదటిసారి చిన్న గింజలు చూపించాం. మాంగనీసు గీత ఈ అంచు నుంచి ఆ అంచు దాకా చదునుగా వచ్చింది, అంటే తేడా అంతా చెరిగిపోయింది. ఆ తర్వాత గౌరి రామతీర్థం అవతల ఒక కొండ మీద తిరిగి తిరిగి, రేగుపండంత గార్నెట్ ఉన్న రాయి సంపాదించింది. గింజను అంటుకుని బయోటైట్, అంటే నల్ల అభ్రకం. ఆమె పంపిన ఫొటో చూసి నేనూ సంబరపడ్డాను. ప్రోబ్ వంతు రాగానే గింజ కోయించుకుని ఒక్కతే రైలెక్కింది.

తిరిగొచ్చిన రోజు నా ఎదురుగా కూర్చుని, "ఏటీ లేదు మేడం. నడుమ కూడా సదునే" అంది.

నా ప్రాణం ఉసూరుమంది. అయినా ఒక దారి ఉంది కదా అనుకున్నాను. రాయి చల్లారేటప్పుడు గార్నెట్, దాన్ని తాకి ఉన్న బయోటైట్ ఇనుమూ మెగ్నీషియమూ ఇచ్చిపుచ్చుకుంటాయి. ఆ మార్పు గార్నెట్ అంచునుంచి కొంతదూరం లోపలికి పోయి, చల్లబడగానే ఆగిపోతుంది. ఎంతదూరం పోయిందో కొలిస్తే రాయి ఎంత త్వరగా చల్లారిందో లెక్క కట్టొచ్చు. థీసిస్ నిలబెట్టడానికి అది చాలు. చిన్న గింజల చుట్టూ క్వార్ట్జే, అంటే పలుగురాయే, దానితో ఇచ్చిపుచ్చుకునేదేమీ ఉండదు. అందుకే ఆ పెద్ద గింజ అంచు చూద్దామన్నాను.

గౌరి కోసిన గింజ ముక్కని తీసి బల్ల మీద పెట్టింది. "నడుమ ఎక్కడున్నాదో తెలవాలంటే గింజ మొత్తం కనబడాల కదా మేడం. అందుకే సుట్టూ ఉన్న రాయి రాల్సేసినాను. అంచు గరుగ్గా ఉంటే అరగదీసినాను" అంది.

గింజను సరిగ్గా నడుమకి కోయాలన్నది నిజమే. పక్కకి కోస్తే మధ్యభాగం అందదు. గట్టి రాయైతే రంపానికివ్వడం తప్ప దారి ఉండదు, అంచుకి పక్క రాయి అంటుకునే వస్తుంది. మా ఖొండలైట్ వానకి నానీ నానీ మెత్తబడిపోయి ఉంటుంది. గోటితో గీకితే గింజ చేతిలోకి ఊడొస్తుంది. ఆ సులువే మా కొంప ముంచింది. రాలిన ముక్కలున్నాయా అంటే, కడిగి పారబోశానంది. ఆమె మీద కోపం రాలేదు. వస్తే బాగుండేది, కాస్త తేలికపడేదాన్ని.

మర్నాడు ఇద్దరం ఆ కొండకి వెళ్లాం. ఆమె చూపించిన చోట పెద్ద గొయ్యి ఉంది, అడుగున వాననీళ్లు. రోడ్డుకి గ్రావెల్ తవ్వుతున్నారు. ప్రొక్లెయినర్ నడిపే అతన్ని ఆ ఎర్ర గింజల రాయి ఏమైందని అడిగాను.

"అది ఎప్పుడో పోయినాదమ్మా. ఏదో రోడ్డు కింద ఉంటాది" అన్నాడు. ఏ రోడ్డో అతనికీ తెలీదు. సాయంత్రం దాకా ఆ కొండంతా వెతికాం. అంత గింజ మళ్లీ కనబడలేదు.

తిరుగు బస్సులో గౌరి అడిగింది, "ఏటీ లేదని రాస్తే పట్టా ఇస్తారా మేడం?"

లేకపోవడం కూడా ఫలితమేనన్నాను. క్లాసులో ఎన్నోసార్లు చెప్పిన మాటే.

"మీరిస్తారు. ఆళ్లివ్వరు" అని కిటికీ వైపు తిరిగింది. ఆమె అన్నట్టే అయింది. యూనివర్సిటీ కమిటీ గడువు పెంచలేదు. ఇప్పుడు రాజాంలో ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతోంది. ఫోన్ చేస్తే మర్యాదగా మాట్లాడుతుంది, రాళ్ల ఊసెత్తదు.

వెతుకుతున్నదాని కోసం దాన్ని తాకి ఉన్నదాన్ని రాల్చేయకూడదని గౌరి విషయంలో తెలిసింది. ఇప్పుడు కొత్తగా చేరినవాళ్లకి మొదటిరోజే ఈ సంగతి చెబుతాను, బుద్ధిగా వింటారు. నేర్చుకున్నది నేను. చదువు పోయింది గౌరిది.