పూతలపట్టులో ఆగిన ఫియట్, చిత్తూరులో దొరికిన డిస్ట్రిబ్యూటరు

ఎనభైల మొదట్లో చిత్తూరులో మా ఆయన మిద్దె మెట్ల మీద జారి కుడి మణికట్టు విరగ్గొట్టుకున్నారు. మా వైపు ఎముక విరిగితే మొదట నోటికొచ్చే ఊరు, నాటు కట్టుకు పేరుపడ్డ పుత్తూరే. కార్వేటినగరం మీదుగా దగ్గర దారి ఉన్నా, ఆ గుంతల్లో విరిగిన చేయి తట్టుకోదని, చుట్టయినా పూతలపట్టు, చంద్రగిరి, తిరుపతి, రేణిగుంట మీదుగా వెళ్దామనుకున్నాం. బండి మా నాయన నాకిచ్చిన పాత ఫియట్. తోలేది నేనే, మా ఆయనకు డ్రైవింగు రాదు. ముందురోజు షెడ్డులో ఆయిలు మార్పించి, తెల్లవారుతూనే బయలుదేరాం. అలా వెళ్తే మధ్యాహ్నానికల్లా కట్టు కట్టించుకోవచ్చు.

పూతలపట్టు దగ్గరపడేసరికి బండి ఎగిరెగిరి పడసాగింది. ప్రతి కుదుపుకూ ఆయన పళ్ళు బిగబట్టి కళ్ళు మూసుకుంటున్నారు. కూడలిలో ఆగేపోయింది. టీ అంగడాయన బయటికొచ్చి, స్టీరింగు ముందున్న నన్ను వదిలేసి ఆయనతో మాట్లాడాడు.

"ఆడోళ్ళ చేతికి బండిస్తే ఇంతేనప్పా. నువ్వు తోలకూడదా?"

"సెయ్యి ఇట్లుండాది గదబ్బా," అని మా ఆయన నవ్వేశారు.

ఆ నవ్వుకు నాకు ఒళ్ళు మండింది. దిగి బానెట్ ఎత్తాను. ప్లగ్గులకు వంతులవారీగా కరెంటు పంచే డిస్ట్రిబ్యూటరు మూత తీసి, లోపల తిరిగే రోటరును వేలితో కదిపాను. ఇరుసు అరిగిపోయి లొడలొడా ఊగుతోంది. ఆ మధ్యే కొత్తది వేయించాం. స్టీలు గిన్నెల మీద పేరు కొట్టించినట్టు నాయన దాని మీద 'ర' అని నా పేరులో మొదటి అక్షరం గీశాడు. దీని మీద అక్షరమే లేదు. ఆయిలు మార్చమంటే మంచిది ఊడబెరికి ఈ తుక్కు తగిలించారు! చేయి విరిగిన మనిషిని తీసుకుపోతున్నానని చెప్పి మరీ ఇచ్చాను బండి.

రోటరు ముక్కు ఎటు చూస్తోందో సుద్దముక్కతో ఇంజను మీద గీత గీసి, డిస్ట్రిబ్యూటరును ఊడదీసి గుడ్డలో చుట్టాను. "ఎవరేమన్నా బండి తొయ్యనివ్వకండి. ఇంజను తిరిగిందంటే ఈ గుర్తు పనికిరాదు," అని ఆయనకు చెప్పి, రూపాయి చిల్లర టికెట్టుతో చిత్తూరు బస్సెక్కాను.

షెడ్డు యజమాని గుడ్డమూట చూసి కూడా తొణకలేదు.

"అయ్యను పంపీమ్మా, ఆయనతో మాట్లాడతా."

"బండి నాది. నాతోనే మాట్లాడు."

"ఏది కొత్తదో ఏది పాతదో నీకేం తెలస్తాదిమ్మా?"

బల్ల మీద కూర్చున్న నగరి టాక్సీ డ్రైవరు లేచాడు. ఆయనదీ ఫియట్టే. "ఉండమ్మా. నిన్న నాకొకటి ఏసినాడు, మద్రాసు నించి తెప్పించినానని." తానే తన బండి బానెట్ ఎత్తాడు. డిస్ట్రిబ్యూటరు మీద మా నాయన గీసిన 'ర' కనిపించింది.

"పొరపాటున మారిపోయిందప్పా," అన్నాడు యజమాని, నాతో కాదు, డ్రైవరుతో.

"దొంగసొత్తు నా బండికి కట్టి పొరపాటంటావా? ఇప్పుడే ఇప్పి ఆయమ్మకియ్యి. నాకు అంగట్లో కొత్తది తెచ్చి ఎయ్యి. అందాకా నేనీడనే కూసుంటా!"

ఆరోజు ఆయన తిరుపతి కిరాయి పోయింది. అయినా కదల్లేదు. బిగించడానికి మనిషిని పంపుతానన్నాడు యజమాని. "నీ షెడ్డు మనిషి చెయ్యి నా బండి మీద పడకూడదు," అని సామాను తీసుకుని వచ్చేశాను.

పూతలపట్టులో మా ఆయన బండికి అడ్డంగా నిలబడి, తోస్తామని ముందుకొచ్చిన వాళ్ళతో గొంతు పోయేలా వాదిస్తున్నారు. రోటరును గీతకు సరిచూసి డిస్ట్రిబ్యూటరును దాని గుంతలోకి దించాను. వైర్లు వరుస తప్పకుండా గుచ్చి, బోల్టు వదులుగా ఉంచి స్టార్టు చేశాను. శబ్దం నిలకడగా వచ్చేదాకా డిస్ట్రిబ్యూటరును కొద్దికొద్దిగా తిప్పి, బోల్టు బిగించాను.

పుత్తూరు చేరేసరికి పొద్దు వాలింది. కట్టు కట్టే పెద్దాయన పని ముగించి మా ఆయన భుజం తట్టాడు. "ఎముక అతికేదాకా నువ్వు బండి ముట్టుకోవద్దప్పా."

"నాకు బండి తోలేదే రాదు సామీ," అన్నారు మా ఆయన, అక్కడున్న వాళ్ళందరికీ వినపడేలా. "ఆమే తోల్తాది. బాగు చేసేదీ ఆమే."

సామాను దొరికింది, చేయి అతికింది. కోపం మాత్రం ఈ రోజుకీ పోలేదు. ఆ ఫియట్ రేణిగుంట దాటాక, మనిషి అలికిడి లేని చోట ఆగి ఉంటే? ఆ షెడ్డాయన దొంగతనానికి ధైర్యం ఇచ్చింది ఒక్కటే, ఆడమనిషి బానెట్ ఎత్తదన్న నమ్మకం. మీరూ దూర ప్రయాణానికి ముందు బండి షెడ్డుకిస్తే, పని ముగిసేదాకా పక్కనే కుర్చీ వేయించుకుని కూర్చోండి. కుర్చీ ఇవ్వకపోతే నిలబడండి.