అక్క పురిటికి వెళ్ళి రాసిన కథ

తాడేపల్లిగూడెంలో మా అత్తవారింట నేను కథ రాయాలంటే బియ్యంలో రాళ్ళు ఏరుకుంటూ మనసులో రాసుకోవలసిందే. కాగితం పట్టుకున్నానంటే ఎవరో ఒకరు పిలిచేవారు. మామగారికి మజ్జిగ, మరిదికి చొక్కా గుండీ, ఆడపడుచుకి జడ. మా ఆయన రైల్వేలో గూడ్సు గుమాస్తా. రాస్తానంటే వద్దనేవారు కాదు, అలాగని పిలిచేవాళ్ళని ఆపేవారూ కాదు. ఒక పత్రికవాళ్ళు నా చిన్న కథలు వేసుకుని, పెద్దది పంపమని అడిగారు. మొదలుపెట్టి, మొదటి పేజీ దాటలేకపోయాను.

అప్పుడు మా అక్కకి నెలలు నిండుతున్నాయని కబురు వచ్చింది. పెళ్ళయిన చాలా ఏళ్ళకి తొలి కాన్పు. బావగారు కొల్లేటి లంకలో మిషను బడి మేష్టారు. మాకు అమ్మ లేదు. పురిటికి వెళ్ళవలసినదాన్ని నేనే.

"వెళ్ళిరామ్మా, తోడబుట్టినదాని పురుడు కన్నా ఇక్కడి పనులు ఎక్కువా?" అన్నారు అత్తగారు.

పెట్టెలో బట్టల అడుగున కాగితాలు, సిరాబుడ్డి సర్దుకున్నాను. ఏలూరులో రైలు దిగి పడవెక్కాక నాకు కలిగిన సంతోషం అక్కని చూడబోతున్నందుకు కాదు. ఇన్నాళ్ళకి ఒక్కదాన్నీ కూర్చోగలను కదా అని.

పెట్టె విప్పుతుంటే అక్క కాగితాలు చూసింది. దాని మొహం వెలిగిపోయింది. "కథ రాస్తావుటే? అయితే ఆ కిటికీ గదిలో కూర్చో. చెరువు కనిపిస్తుంది. నాకేం, తిరుగుతూ ఉంటేనే కాన్పు తేలికంటారు" అంది. అక్కడ కొల్లేటిని అందరూ చెరువనే అనేవారు.

మొదట్లో "నేను చేస్తానక్కా" అని లేచేదాన్ని. "కూర్చోవే" అనేది. తరవాత లేవడం మానేశాను. మరి కొన్నాళ్ళకి అనడం కూడా మానేశాను.

కిటికీలోంచి తుంగ, దాని వెనక నీళ్ళు, నీళ్ళమీద దోనెలు. ఎవరూ పిలిచేవారు కాదు. అక్క బిందె చంకన పెట్టుకుని రేవు నుంచి వస్తుంటే దాని ఆయాసం కిటికీ కింద వినిపించేది. అది దాటిపోయేదాకా కలం ఆపి, మళ్ళీ రాసేదాన్ని. ఒక పిల్ల తన పెళ్ళి కాదనుకుని, జబ్బుపడ్డ అక్కకి రాత్రింబగళ్ళు సేవచేసి, చివరికి ఆ జబ్బుతోనే పోతుంది. అదీ కథ. రాస్తూ నేనే ఏడ్చేదాన్ని. అంత ధారగా నాకు ఎన్నడూ రాలేదు.

బావగారు మేష్టర్ల మీటింగుకని ఏలూరు వెళ్ళిన రోజున, చివరి పేజీల్లో ఉన్నాను. మధ్యాహ్నం దాటినా అన్నానికి పిలుపు రాలేదు. కాస్త విసుగ్గానే లేచి వంటింట్లోకి వెళ్ళాను.

అక్క గుంజని రెండు చేతులా పట్టుకుని నిలబడి ఉంది. పమిట కొంగు పళ్ళమధ్య కరిచిపెట్టుకుంది. రవిక తడిసిపోయింది. నన్ను చూసి కొంగు వదిలి, "అయిపోయిందా నీ రాత?" అంది.

"ఎప్పటినుంచే?"

"తెల్లారగట్ల నుంచీ. మంచి పట్టులో ఉన్నావు కదా, కాస్సేపు ఆగుదామని..."

చెప్పుల్లేకుండా రేవుకి పరిగెత్తాను. మంత్రసాని ఇల్లు పాయకి అవతల. అరిచాను. చేపలవాళ్ళెవరో విని ఆవిణ్ణి దోనెమీద తీసుకొచ్చారు. ఆవిడ అక్క పొట్టమీద చెయ్యి వేసి చూసి, పొయ్యికేసి చూసి, నాకేసి తిరిగింది.

"తమరు పురిటికి వచ్చిన చెల్లెలుగారేనాండీ?"

"అవును."

"పొయ్యిమీద నీళ్ళయినా పడలేదేంటండీ మరి?"

నిష్ఠూరంగా అనలేదు, అడిగిందంతే. నా వేళ్ళకి సిరా ఉంది. చేతులు వెనక్కి పెట్టుకున్నాను. ఆ ఇంట్లో కట్టెలెక్కడుంటాయో నాకు తెలియదు. ఆ నొప్పుల్లోనే అక్క చెప్పింది, "దొడ్డి దడి పక్కనే" అని.

సందెవేళకి ఆడపిల్ల పుట్టింది. తల్లీ పిల్లా క్షేమం. బావగారు వచ్చి మోకరించి ప్రార్థన చేస్తూ, "సమయానికి చెల్లెల్ని పంపావు తండ్రీ" అని స్తోత్రం చెప్పారు. అక్క కళ్ళు మూసుకుని "ఆమెన్" అంది. నేను అనలేకపోయాను.

ఆ మర్నాటి నుంచి ఆ ఇంట్లో పని అక్కని ముట్టుకోనివ్వలేదు. నీళ్ళు మోశాను, పిల్లగుడ్డలు ఉతికాను. కథ మాట ఎత్తలేదు. అక్కే ఎత్తింది. "చదివి వినిపించవే" అని పట్టుబట్టింది. బాగా లేదన్నాను, చింపేస్తానన్నాను. ఊరుకోలేదు. చివరి పేజీలు ఏదోలా పూర్తిచేసి, పిల్లకి పాలిస్తున్న అక్క పక్కన కూర్చుని చదివాను. చెల్లెలు అక్క కాళ్ళు ఒత్తే చోట ఆగిపోయాను.

"ఆగావేం?" అంది. తల ఎత్తి చూస్తే దాని కళ్ళనిండా నీళ్ళు. "ఎంత మంచి పిల్లే! అలాంటి చెల్లెలు ఎవరికి దొరుకుతుందే?"

దెప్పుతోందేమోనని దాని మొహంలోకి చూశాను. దెప్పినా బాగుండేది. లేదు, నిజంగానే ఏడుస్తోంది.

చివరిదాకా చదివేసి, "నన్ను క్షమించక్కా" అన్నాను.

"దేనికే? చంపేసినందుకా? కథ కదా, పోనీలే" అని కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

కథ అచ్చయింది. తాడేపల్లిగూడెంలో ఇరుగుపొరుగు ఆడవాళ్ళు వచ్చి, "మీరు మీ అక్కగారికి చేసిందే రాసుంటారండీ, అందుకే అంత సహజంగా ఉంది" అన్నారు. కాదని చెప్పలేక లోపలికి వెళ్ళి కాఫీ కలుపుకొచ్చాను. అక్క ఆ కథలో పిల్ల పేరే తన కూతురికి పెట్టి బాప్తిస్మం ఇప్పించింది. ఆ పేరుతో దాన్ని నేను ఎన్నడూ నోరారా పిలవలేదు. "పిల్లా" అంటాను, "అమ్మడూ" అంటాను. "పిన్ని నన్ను పేరుపెట్టి పిలవదేమే?" అని అది వాళ్ళమ్మని అడుగుతుందిట. ముద్దు ఎక్కువలే అని అక్క చెబుతుందిట.