నేను పిలిస్తే వచ్చేది

నా చిన్నప్పుడు మా తాతయ్య దేన్నయినా కాటా మీద పెట్టి చూశాకే మెచ్చుకునేవారు. కైకలూరు దగ్గర చేపల చెరువులు చేసే మనిషి కదా, బరువు పెరిగితే బాగున్నట్టే ఆయన లెక్క. గట్టు మీద కాపలాకని రెండు నెలల అల్సేషియన్ కుక్కపిల్లను తెచ్చి, దాన్నీ చేపల్లాగే పెంచారు. పూటపూటా గుడ్లు, ఉడికించిన చేపలు కలిపిన అన్నం. వలలో పడ్డ చేపను తూచినట్టు వారం వారం దాన్ని తూచి, ఎంత పెరిగిందో అందరికీ చెప్పుకునేవారు. పెంచింది ఆయనే గానీ, అది మాలిమైంది నాకు.

ఏడో నెలలో ముందుకాలు కుంటడం మొదలుపెట్టింది. పడుకుని లేస్తే నాలుగడుగులు వెయ్యడానికి నానా తంటాలు పడేది. తిని బలిసిన బద్ధకమన్నారు తాతయ్య. కాపలాకి పనికిరాకపోతే కొల్లేటి అవతల గట్టున వదిలేస్తానన్నారు. ఆయన అన్నారంటే చేస్తారు.

నేను ఏడుస్తుంటే ఒక పరీక్ష పెట్టారు. రోజూ పొద్దున్నే నేను గట్టు ఆ చివర నిలబడి పిలవాలి. అది పరుగెత్తుకొస్తే ఆ రోజుకి ఉంటుంది. నేను ఎంతో ముద్దుగా పిలిచేదాన్ని. రొప్పుతూ వచ్చి నా ఒళ్లో తల పెట్టేది. దాన్ని కాపాడుతున్నది నేనేనని పొంగిపోయేదాన్ని. నెల రోజులు అలా పరుగెత్తించాను.

కాలు నేలకి ఆనించలేకపోయిన రోజున ఏలూరులో పశువుల డాక్టరుగారికి చూపించాం. ఆయన ఎక్స్‌రే తీయించి, ముందుకాలి మోచేతి కీలు సరిగ్గా ఏర్పడలేదని, చిన్న ఎముక ముక్క ఊడి లోపల ఒరుసుకుంటోందని చెప్పారు. పెద్దజాతి పిల్లల్లో వచ్చే జబ్బేనట. తొందరగా పెరిగిన బరువూ, ఆ పరుగులూ దాన్ని ముదరబెట్టాయట. తాతయ్య ఒప్పుకోలేదు.

"నొప్పుంటే పరిగెత్తదు కదండీ. రోజూ వచ్చేదండీ."

"నొప్పితోనే వచ్చేదండీ. పాప పిలిచింది కదా."

తాతయ్య మాత్రం అన్న మాట తప్పలేదు. మర్నాడు పడవ తెప్పించారు. ఎంత లాగినా అది ఎక్కలేదు. నన్ను పడవలో కూర్చోబెట్టి పిలవమన్నారు. ఆయన మాట కాదనే ధైర్యం లేక పిలిచాను. మూడు కాళ్ల మీద వచ్చి ఎక్కింది. అవతలి గట్టున దింపడానికీ నేనే పిలిచాను.

ఇప్పుడు నాకు మనవలున్నారు. పిలిస్తే చాలు, వచ్చేస్తారు. అందుకే పిలవను. వాళ్లతో పనుంటే, మోకాళ్లు పట్టేసినా సరే, లేచి నేనే వాళ్ల దగ్గరికి వెళ్తాను.