రేడియోకు గౌను

మా చిన్నాన్న కొడుకు నిన్న మా పాత రేడియో ఫొటో ఈ గ్రూపులో పెట్టాడు. "దేవుడిలాంటి మా పెదనాన్న కొన్నది. ఎంత మంచి రోజులో!" అని రాశాడు. దాని మీది తెల్లటి అల్లిక కవరును మీరంతా మెచ్చుకున్నారు. మన కాలంలో రేడియోకు, కుర్చీలకు, చివరికి మంచినీళ్ల గ్లాసులకు కూడా అల్లిన బట్టలుండేవి, గుర్తుందా? మా ఇంట్లో అవన్నీ అల్లిన అక్కకు మాత్రం అలాంటిది ఒక్కటీ లేదు.

రేడియో రాకముందే దాని కవరుకని నాయన దారం తెచ్చి ఇచ్చాడు. ఆ దారంతో అక్క తనకోసం గౌను అల్లుకుంది. చివరి వరస అల్లే రోజున నన్ను గుమ్మంలో నిలబెట్టింది.

"ముడి పడ్డదంటే ఇగ ఎవ్వరూ ఇప్పలేరు తమ్మీ. నాయన కనబడంగనే జల్దీ కేకెయ్యి."

లోపల ఆమె కొక్కెం సూది ఆగకుండా కదులుతోంది. తల్లాడ బస్సు దిగి నాయన వచ్చాడు, భుజం మీద కొత్త రేడియోతో. నేను కేక వెయ్యడం మరిచి రేడియో దగ్గరికి పరుగెత్తాను.

"ఏందే ఇది? రేడియోకు తెచ్చిన దారం నువ్వు తొడుక్కుంటవా?"

నాయన దారం కొస పట్టి లాగాడు. నెల రోజుల అల్లిక జరజరా ఊడి నేల మీద కుప్పపడింది. అక్క ఏడవలేదు. అదే దారంతో కవరు అల్లి, చివరి కొస నా చేతిలో పెట్టింది.

"ముడి నువ్వే ఎయ్ తమ్మీ. నీకు రేడియో అంటే పానం గద."

గట్టిగానే వేశాను. ఫొటోలో ఎడమ మూల చూడండి. ఇప్పటికీ ఊడలేదు.